పీడనమునకు ప్రమాణమేది?

లోకమునందు మిక్కిలి చెల్లుబడి కల వాదమేది యని మమ్మెవరైన నడిగినచో మేము శాస్త్రగ్రంథములను వెదకము. “ఇన్నాళ్ళు ఏమీ కాలేదు గదా” యను మాటను చూపుదుము. ఈ నాలుగు మాటలలో హేతువు కలదు, దృష్టాంతము కలదు, నిర్ణయమును కలదు. పండితుడును పామరుడును దీని నొక్క తీరుననే వాడుదురు. పగులువారిన మిద్దె దూలమును గూర్చియు, అతుకులు పడిన కరెంటు తీగను గూర్చియు, చదువు మాన్పించి చిన్నపిల్లకు పెండ్లి చేయుటను గూర్చియు వినవచ్చున దిదియే. దీనిని ఖండించుట సులభము కాదు. ఏలన, చెప్పువారు అసత్యము చెప్పుట లేదు. ఇన్నాళ్ళు నిజముగనే యేమియు కాలేదు. మరి దోషమెచ్చట నున్నది?

ఈ ప్రశ్నకు మాకు స్పష్టమైన యుత్తరము దొరికినది తత్త్వవిచారమునందు కాదు, తుపాకి తూటా లోపలి పీడనమును గూర్చి చదివినపుడు. కుటుంబములు చదువు పత్రికలో తుపాకి ప్రసంగమేల యని చదువరులు శంకింపవచ్చును. మేమును తుపాకి పట్టినవారము కాము. కాని కంటికి కనబడని యపాయమును మనుష్యుడెట్లు కొలుచును, కొలువకయే కొలిచితినని యెట్లు భ్రమపడును అను విషయము ఇందు తేటపడినట్లు వేరొకచోట తేటపడుట మేమెరుగము.

మేము బడిపిల్లలకు పాఠములు చెప్పు అమ్రాబాదు నల్లమలలోని యొక పీఠభూమి. ఒకప్పుడు మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. దక్షిణమున కృష్ణ, చుట్టును అడవి. మన్ననూరు దాటి శ్రీశైలము పోవు త్రోవలో ఫరహాబాదు కలదు. నిజాము ప్రభువుల కాలమున నది వేటవిడిది. ఆ దొరలు సీమ రైఫిళ్ళతో వేటాడిన యీ యడవిలోనే చెంచులు విల్లమ్ములతో వేటాడిరి. 1943లో చెంచులను గూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు వారి వింటిని, అమ్ములను శ్రద్ధతో వర్ణించెను. వింటికిని తుపాకికిని ఒక భేదము కలదు. విల్లెంత వంగినదో లాగు చేతికి తెలియును. మితి మీరినచో చేయియే చెప్పును. తుపాకిలో పుట్టు బలము పేల్చు చేతికి ముందుగా తెలియదు. తెలిసిన క్షణముననే పని ముగియును.

దొరల రైఫిళ్ళకును చెంచుల విండ్లకును నడుమ, ఊళ్ళలో భర్మారు లుండెను. భర్మారనగా గొట్టము మూతినుండి మందు పోసి, పేలిక కూరి, గుండు వేసి, కడ్డీతో దట్టించు తుపాకి. 1946–51 నడుమ తెలంగాణమున జరిగిన సాయుధ పోరాటపు కథలలో దీని పేరు తరచుగా వినవచ్చును. ఇందు మందును కొలుచుట వ్రేళ్ళతో. దట్టించిన పిమ్మట కడ్డీ గొట్టమునుండి యెన్ని వ్రేళ్ళు పైకి నిలిచినదో అన్ని వ్రేళ్ళ మందు. మేమెరిగిన యొక వృద్ధునికి ఎడమచేతి బొటనవ్రేలును, దాని ప్రక్క వ్రేలును లేవు. ఎట్లు పోయినవని యడుగగా నతడిట్లనెను: “మా నాయిన నాలుగు వేళ్ల మందు పోస్తుండె సారూ. నేనూ గంతే పోసిన. ఇర్వై ఏండ్లు ఏం కాలే. గా దినం గూడ నాలుగు వేళ్లే.” మరి యేమి మారినదని మరల నడిగితిమి. ఆ దినపు మందు వేరొకనివద్ద తెచ్చినదట. పాతదానికన్న మెత్తగా నుండెనట. మెత్తని మందు వేగముగా మండును. వేగముగా మండినచో పీడనము పెరుగును. వ్రేళ్ళు మందు పరిమాణమును కొలిచినవేగాని దాని స్వభావమును కొలువలేదు. తండ్రి చెప్పిన లెక్క మారలేదు. లెక్కకు ఆధారమైన వస్తువు మారినది.

నేడు మన దేశమున ఇట్టి పనికి తావులేదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని గాని తూటాను గాని తయారుచేయుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేటయు నిషిద్ధమైనది. అమ్రాబాదు అడవి పులుల రక్షితవనము. కావున ఈ విషయము మాకు పాతకథగానే మిగిలిపోయెడిదే. కాని మా పాఠశాలలో చదివిన శిష్యుడొకడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నున్నాడు. అచ్చటి పొలములను అడవిపందులు పాడుచేయుట యిచ్చటివలెనే. అచ్చట వేటకు చట్టము సమ్మతించును. తన తూటాలను తానే నింపుకొనుటయు నచ్చట చాలమందికి అలవాటు. మా శిష్యుడును ఆ విద్య నేర్చుకొనెను. మూడేండ్ల క్రిందట నతడు మాకొక జాబు వ్రాసెను.

ఆ జాబు చెప్పుటకు ముందు తూటా నిర్మాణమును కొంచెము చెప్పవలెను. తూటాకు నాలుగంగములు. ఒకటి ఇత్తడి తొడుగు. రెండవది ఆ తొడుగు అడుగున నమర్చిన ప్రైమరు. పూర్వపు తుపాకులలో రంజకము చేయు పనిని నేడిది చేయును. మూడవది మందు. నాలుగవది గుండు. ప్రేలిన పిమ్మట తొడుగు మిగులును. దానిని మరల నొత్తి సరిచేసి, క్రొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించిన మరల తూటా యగును. మందును గ్రెయినులలో తూచుదురు. గ్రెయిననగా గురివెందగింజ యెత్తులో సగమునకు కొంచె మెక్కువ. బంగారము తూచు కంసాలికంటె నెక్కువ జాగ్రత్త యిందు కావలెను. కంసాలి తప్పినచో పోవునది డబ్బు మాత్రమే.

మందు మండగా పుట్టిన వాయువు గుండును ముందుకు త్రోయును. దాని పీడనమెంత? వంటింటి ప్రెషరు కుక్కరు ఈల వేయువేళ లోపలి యధికపీడనము చదరపు అంగుళమునకు సుమారు 15 పౌనులు. అమెరికాలో విరివిగా వాడుకలోనున్న 30-06 అను రైఫిలు తూటాకు అనుమతింపబడిన గరిష్ఠ పీడనము 60,000 పౌనులు. అనగా నాలుగువేల కుక్కర్ల బలము, బొటనవ్రేలంత చోటులో, వేటగాని చెంపకు జానెడు దూరమున, సెకనులో వేయవ వంతు కాలమున పుట్టి యణగును. ఆ బలమునకును వేటగాని కంటికిని నడుమ నుండునవి ఇత్తడి తొడుగు, దానిని వెనుకనుండి మూయు ఉక్కు బోల్టు, ఆ బోల్టును పట్టియుంచు ఉక్కు చట్రము మాత్రమే.

ఇక శిష్యుని జాబు. మందు కొంచెము పెంచినచో గుండు వేగము పెరుగును గనుక అతడు పెంచదలచెను. అతని హేతువులు మూడు. మొదటిది: ప్రేలిన తూటాలను పరీక్షింపగా ప్రైమరు అంచులు గుండ్రముగనే యున్నవి, పీడనము మితిమీరినచో నవి నలిగి చదునగునని పెద్దలందురు. రెండవది: బోల్టు సులభముగా తెరచుకొనుచున్నది, పీడనమెక్కువైనచో బిగుసుకొనును. మూడవది: తనయొద్దనున్న పాత పుస్తకములో ఈ తూటాకు గరిష్ఠము 50,000 అని యున్నది, నేటి లెక్క 60,000, కాబట్టి యింకను పదివేల చోటు మిగిలియున్నది. చివర నిట్లు వ్రాసెను: “ఇంతవరకు ఏం కాలేదు సార్. ఇంకో రెండు మెట్లు ఎక్కొచ్చా? మీరు తర్కం చెప్పేవారు గదా, నా తర్కం సరిగ్గా ఉందో లేదో చూడండి.”

తుపాకి తెలియనివానిని తర్కమడుగుట మాకు వింతగా తోచెను. అయినను శిష్యుడు ప్రాణముతో ముడిపడిన ప్రశ్న వేసినపుడు తెలియదని తప్పుకొనుట బోధకునికి తగదు. కొన్ని గ్రంథములు తెప్పించి, మూడు వారములు చదివితిమి.

మొదటి రెండు హేతువులు మన న్యాయశాస్త్రమున శేషవత్తని చెప్పబడిన యనుమానములు: కార్యమును చూచి కారణము నూహించుట. ఏరు పొంగినది, కావున ఎగువ వాన కురిసినది అనునది దీనికి పాతకాలపు ఉదాహరణము. న్యాయసూత్రములలోనే దీనిపై నొక యాక్షేపము కలదు: ఏటికి అడ్డుకట్ట పడినను నీరు పొంగును గదా, వాన యని యెట్లందువు? కృష్ణ యొడ్డువారికి దీని భావము చెప్పనక్కరలేదు. శ్రీశైలపు ఆనకట్ట ద్వారములెత్తినపుడు దిగువ నది పొంగును; ఇచ్చట చినుకైనను పడియుండదు. ప్రైమరు నలుగుటకును ఇట్లే పెక్కు కారణములు. దాని లోహము మెత్తనిదైనచో తక్కువ పీడనమునకే నలుగును. గట్టిదైనచో ఎక్కువ పీడనమునకును గుండ్రముగా నుండును. తొడుగునకును బోల్టునకును నడుమ ఖాళీ యెక్కువైనను నలుగును. బోల్టు బిగియుటకు లోపలి మురికియు, గరుకును కారణము కావచ్చును. తార్కికులు దీనినే వ్యభిచారమందురు. హేతువు సాధ్యమును విడిచి వేరుచోటుల తిరుగుచున్నది.

ఆ యాక్షేపమునకు శాస్త్రకారులిచ్చిన సమాధానము నింకను మెచ్చదగినది. పొంగు నొక్కదానిని చూచి చెప్పుట లేదు. వడి, నురుగు, కొట్టుకొనివచ్చు ఆకులు, కట్టెలు, పండ్లు వీని నన్నిటిని కలిపి చూచి చెప్పుచున్నామని వారి భావము. అట్లే నేర్పరియైన నింపుడుగాడు ఒక గుర్తును నమ్మడు. ప్రైమరును, బోల్టును, తొడుగు అడుగున నిత్తడి జారి మెరయు మచ్చను, సూక్ష్మమాపకముతో కొలిచిన తొడుగు వెడల్పును, గుండు వేగమును, అన్నిటిని కలిపి చూచును.

కాని యిందొక లోతైన దోషమున్నది. మా శిష్యుని జాబులో అసలు ప్రమాద మచ్చటనే యున్నది. ఈ గుర్తులన్నియు ఇత్తడివి. ఇత్తడి తన ఓర్పు దాటినపుడు గుర్తు చూపును. ఆ ఓర్పు చాల తూటాలలో అనుమతింపబడిన గరిష్ఠమునకు పైననే యుండును. గుర్తు కనబడుసరికే మేర దాటియుందుము. అంతకంటె ముఖ్యము, ఇత్తడి తన సంగతి చెప్పును గాని తుపాకి సంగతి చెప్పదు. పాతకాలపు బలహీనమైన తుపాకులు కొన్నిటికి 28,000 పౌనులే మేర. దానిలో 45,000 పుట్టినను ఇత్తడికి చీమ కుట్టినట్లుండదు. ప్రైమరు గుండ్రముగనే నవ్వుచుండును. ఆ నడుమ ఉక్కు పగులును. హేతువు పక్షమునందే యుండవలెనని తార్కికుల నియమము. శిష్యుని పక్షము రైఫిలు; హేతువున్నది ప్రైమరునందు. ఒక ఇంటివాని ఆరోగ్యమును చూచి పొరుగింటివానికి జబ్బు లేదని చెప్పినట్లున్నది.

మూడవ హేతువు గణితము గనుక మరింత మోసకరమైనది. తుపాకి పీడనమును కొలుచుటకు మనుష్యులు పడిన పాటు దీర్ఘమైన కథ. ఇంగ్లండు దేశీయుడైన బెంజమిన్ రాబిన్సు 1742లో గ్రంథము ప్రకటించి, బరువైన కొయ్యదిమ్మెను లోలకముగా వ్రేలాడగట్టి, గుండు తగిలిన దెబ్బకది యెంత యూగినదో చూచి వేగము లెక్కగట్టు మార్గము చూపెను. మందు వాయువు పీడనము గాలి పీడనమునకు వేయిరెట్లుండునని యతడంచనా వేసెను. ఈస్టిండియా కంపెనీ యతనిని ప్రధానమైన ఇంజనీరుగా పంపగా, 1751లో కడలూరు వద్ద సెంటు డేవిడు కోటలో మరణించెను. వేయిరెట్లను అంచనా చాల తక్కువ యని తరువాతివారు తెలిసికొనిరి. 1860 తరువాతి దశాబ్దిలో ఆండ్రూ నోబులు గొట్టము ప్రక్క చిన్న రాగి స్తంభము నమర్చి, అది యెంత నలిగినదో చూచి పీడనమును చెప్పు సాధనము కల్పించెను. నూరేండ్లకు పైగా లోకమున కదియే కొలత. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికముల నొత్తినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఆ గుణము నాధారము చేసికొన్న నేటి సాధనములు పీడనపు పెరుగుదలను క్షణక్షణము వ్రాసి చూపును.

రాగి నలుగుటకు వ్యవధి కావలెను. సెకనులో వేయవ వంతున వచ్చిపోవు శిఖరమునది పూర్తిగా నందుకొనలేదు. కావున 30-06 తూటాకు రాగి కొలతలో మేర 50,000; స్ఫటికపు కొలతలో మేర 60,000. ఇవి రెండును అమెరికాలో 1926లో నెలకొన్న స్పోర్టింగ్ ఆర్మ్స్ అండ్ అమ్యునిషన్ మాన్యుఫాక్చరర్స్ ఇన్‌స్టిట్యూటు వారి ప్రమాణములు. ఒకే కొండ యెత్తును రెండు కోలలతో కొలిచిరి. పాత పుస్తకములు రాగి లెక్కకును పౌనులని పేరు పెట్టుటచే మా శిష్యుడు వానిని రెండు కొండలనుకొనెను. అతడు మిగిలినదనుకొన్న పదివేలు ఎన్నడును లేవు. పోనీ, పదివేలు కలిపి లెక్క సరిచేయుదమన్న నదియు పనికిరాదు. మన పోలీసుల చేతులలో చిరకాలముండిన త్రీ నాట్ త్రీ తూటాకు రాగి మేర 45,000, స్ఫటికపు మేర 49,000, భేదము నాలుగువేలే. ఒక కొలతనుండి వేరొక కొలతకు పోవు రాజమార్గము లేదు.

వీనికి తోడు ఎండయొకటి. 1889లో పుట్టిన కార్డైటు అను పొగలేని మందు వేడికి మిక్కిలి చలించునది. ఇంగ్లండు చలిలో సరిగా నున్న తూటా హిందూదేశపు వేసవిలో పీడనమును పెంచుకొని, తొడుగు గొట్టములో నిరుకుకొని, పెద్దపులి యెదుట వేటగానిని నిరాయుధుని చేసెడిది. అందుచేత సీమలోని తుపాకి పనివారు ఉష్ణదేశములకు పంపు రైఫిళ్ళకు వెడల్పైన తొడుగులను, తక్కువ పీడనమును ఏర్పరచిరి. ఇప్పటి మందులలో కొన్ని వేడికి తక్కువగా చలించునవి. అన్నియు నట్టివి కావు. పాలమూరి యెండయైనను టెక్సాసు ఎండయైనను ఒకటే. చలికాలపు ఉదయమున పరీక్షించి క్షేమమని తేల్చిన తూటా, ఎండలో నిలిపిన కారులో నాలుగు గంటలుండిన పిమ్మట ఆ తూటాయే కాదు.

ఇంతవరకు చదివి, మేము శిష్యుని కొక ప్రశ్న వేసితిమి: “నాయనా, నీ రైఫిలు ఏది? ఎక్కడ, ఎప్పుడు చేసినది?” అది 1903 నమూనా స్ప్రింగుఫీల్డు రైఫిలని, పాతసామానుల సంతలో కొన్నదని వ్రాసెను. ఆ పేరు అప్పటికే మా కంటబడినది. అమెరికా సైన్యపు ఆయుధాధికారి జూలియన్ హాచరు 1947లో ప్రకటించిన గ్రంథమున ఆ రైఫిలును గూర్చి యొక యధ్యాయమున్నది. 1917లో నీ రైఫిళ్ళు కొన్ని పేల్చుచుండగానే పగిలెను. విచారింపగా, కొలిమిలో చట్రపు ఉక్కును మితిమించి కాల్చుటచే అది పెళుసువారినదని తేలెను. కాల్చినవారు అనాడులు కారు. యేండ్ల తరబడి యదే పనిలో నెరిగినవారు. ఇనుము రంగు చూచి వేడి చెప్పగలవారు. ఉష్ణమాపకములు తెచ్చి చూడగా, మబ్బు పట్టిన దినమున వారి కంటికి సరియని తోచిన వేడికిని, ఎండ కాయు దినమున సరియని తోచిన వేడికిని భేదము 300 డిగ్రీల ఫారెన్‌హీటు వరకుండెను. వెలుతురెక్కువైన దినమున ఎర్రదనము తక్కువగా కనబడును గదా. అట్లు స్ప్రింగుఫీల్డు కర్మాగారమున 8,00,000 సంఖ్యకు లోపు చేసిన రైఫిళ్ళన్నియు సందేహాస్పదములైనవి. వానిలో మంచివెన్నియో కలవు. ఏది మంచిదో పైకి చూచి చెప్పుట కుదరదు.

దీనిని చదివి కమ్మరి కంటిని హేళన చేయువారు పొరపడుదురు. మన తెలంగాణమునందే కోనసముద్రపు కమ్మరులు మూసలలో కరిగించిన ఉక్కు పారశీక దేశమువరకు పోయి ప్రఖ్యాతి గాంచినది. వారికిని కన్నే ఉష్ణమాపకము. నేర్పరి కన్ను గొప్ప సాధనము. కాని కన్ను తన దోషమును తాను చూడలేదు. దానికి ప్రక్కన రాగముల నెరుగని, ఎండకును మబ్బుకును మారని సాధనమొకటి యుండవలెను.

శిష్యుని రైఫిలు సంఖ్య నడిగితిమి. వచ్చినది. 8,00,000 లోపుది.

అతడా రైఫిలుతో అప్పటికి రెండు వందల తూటాలు పేల్చియుండెను. ప్రైమర్లన్నియు గుండ్రముగనే యుండెను. ఆ యిత్తడి తొడుగులు చెప్పినదంతయు సత్యమే. చట్రములోని పెళుసుదనమును గూర్చి మాత్రము వానినెవరు నడుగలేదు, అడిగినను వానికి తెలియదు. రెండు వందల మారులు పగులలేదను మాట, రెండు వందల యొకటవ మారు పగులదను మాట కాదు. లోహము తాను భరించిన ప్రతి దెబ్బను లెక్కలో వ్రాసికొనుచుండును.

మేము వ్రాసిన ప్రత్యుత్తర మిది: “నాయనా, ఆ రైఫిలును గోడకు వ్రేలాడగట్టుము, మరల పేల్చకుము. వేరొకటి కొన్నపిమ్మట ఈ నియమములు తప్పకుము. పీడనమును నీవు కొలువలేవు గనుక, సాధనముతో కొలిచినవారి నేటి పుస్తకమును పట్టుకొనుము. అందు చెప్పిన మందే, చెప్పిన గుండే, చెప్పిన తొడుగే వాడుము. అందలి కనిష్ఠముతో మొదలిడి మెట్టు మెట్టుగా పొమ్ము. గరిష్ఠమును గమ్యముగా నెంచకుము. ఏ యొక్క అంగము మారినను మరల మొదటినుండి రమ్ము. కనిష్ఠమునకు దిగువకును పోకుము. నెమ్మదిగా మండు మందులకు తక్కువయు నపాయమే. శబ్దము సన్నగిలినచో ఆగి, గుండు గొట్టములో చిక్కెనేమో చూడుము. వెనుకనుండి మరియొకటి పేల్చినచో గొట్టము పగులును. వేగమును కొలుచు యంత్రము కొనుము. పుస్తకములోని వేగముకంటె నీ వేగమెక్కువైనచో, గొట్టము పొడవుచేత కానిచో, అది పీడనముచేతనే. వేగము ఊరక రాదు. గుర్తులను మాత్రము ఒక వైపునకే నమ్ముము: గుర్తు కనబడినచో నిలిచి వెనుకకు రమ్ము. కనబడకుండుట ముందుకు పొమ్మను సెలవు కాదు.”

అతడు నింపిపెట్టిన నలుబది తూటాలను విప్పివేసితినని, రైఫిలు గోడపై నున్నదని వారములోపల వ్రాసెను. ఇప్పుడు వేరొక రైఫిలుతో, పుస్తకపు గరిష్ఠమునకు రెండు మెట్లు దిగువన నిలిచి వేటాడుచున్నాడు. పందులకు భేదము తెలియుట లేదట.

ఇన్నాళ్ళేమియు కాలేదను వాదమునందలి దోషము మాకప్పుడు తేటపడినది. ఆ వాదమునకు సాక్షులు కావలెను. ఏమియు కానివారే సాక్ష్యమునకు వత్తురు. పగిలిన తుపాకివారు సంతలో నిలిచి తమ లెక్కను పొగడుకొనరు. పైగా సాక్షి చెప్పునది తనకు తెలిసినంతవరకే. మనమడుగు ప్రశ్న వానికి తెలియనిది కావచ్చును.

గత సంవత్సరము మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలికను బడి మాన్పించి పెండ్లి చేయుటకు తండ్రి నిశ్చయించెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి 2006 నాటి చట్టముచే నిషిద్ధమని చెప్పితిమి. చట్టమన్న నతడు బెదరలేదు, కోపపడలేదు, నెమ్మదిగా నిట్లనెను: “మా అమ్మకు పదమూడేండ్లకే అయింది సారూ. ఏమైంది? ఎనమండ్రం పుట్టినం. ఎనభై ఏండ్లు బతికింది.” అది సత్యము; ఆ ముసలమ్మను మేమెరుగుదుము. మేము వాదింపలేదు. “మీ అమ్మకు అక్కచెల్లెం డ్రెందరు?” అని మాత్రమడిగితిమి. అతడు కొంతసేపు వ్రేళ్ళు మడిచెను. “నలుగురు సారూ. ఇద్దరు తొలికాన్పులల్లనే పోయిండ్రు. నేను చూడలే.” అట్లని యూరకుండెను. మేమును ఊరకుంటిమి. ఆ యిద్దరు ఏ పంచాయతికిని వచ్చి సాక్ష్యము చెప్పినవారు కారు. ఆ దినము వారి లెక్కయు చేరినది.

మరుసటి సోమవారము ఆ బాలిక తరగతికి వచ్చెను. ఈ యేడు పదవ తరగతి పరీక్షకు రుసుము కట్టినది.